బ్రిటన్‌కు విమానవాహక నౌకలు ఇంకా అవసరమా? ఐదు దారులు, వాటి ఖరీదు, వాటి లోపాలు

క్వీన్ ఎలిజబెత్, ప్రిన్స్ ఆఫ్ వేల్స్: బ్రిటన్ నౌకాదళం కోసం ఇంత పెద్ద యుద్ధనౌకలు మునుపెన్నడూ కట్టలేదు. ఒక్కోటి 65,000 టన్నులు, 280 మీటర్ల పొడవు. మొదటిది 2017 డిసెంబరులో, రెండోది 2019 డిసెంబరులో నౌకాదళంలో చేరాయి. 2007లో అనుమతి ఇచ్చినప్పుడు రెండింటికీ కలిపి అంచనా 390 కోట్ల పౌండ్లు. పూర్తయ్యేసరికి అది 620 కోట్లకు చేరింది. డబ్బు సర్దుబాటు కోసం మధ్యలో పని నెమ్మదింపజేసిన నిర్ణయమే 156 కోట్లు అదనంగా తెచ్చిపెట్టింది. ఖర్చు తగ్గించుకోబోయి పెంచుకోవడం అంటే ఇదే.

ఇక వీటి మీద లండన్‌లో తగువు తెగడం లేదు. పోయిన సామ్రాజ్యపు భేషజం తప్ప వీటితో పనేముందని కొందరు. ద్వీపదేశానికి ఇవి లేకపోతే ఎలా అని మరికొందరు. ఇద్దరూ నౌక గురించే మాట్లాడతారు. నిజానికి ఈ వ్యవహారంలో నౌక చవకైన భాగం. దాని మీది విమానాలు, చుట్టూ నడిచే డెస్ట్రాయర్లు, వెనక వచ్చే సరుకు నౌక, విడిభాగాల గోదాము, ఇవన్నీ కలిసినదే అసలు వస్తువు. పోల్చేటప్పుడు నౌకకు నౌకను కాకుండా మొత్తం సెట్టుకు సెట్టును పోల్చాలి. ఈ వ్యాసంలో చేస్తున్నది అదే.

ముందు రన్‌వేలు లెక్కపెట్టాలి

క్యారియర్, అంటే విమానవాహక నౌక, కదిలే రన్‌వే. కదలని రన్‌వే దగ్గరలో ఉంటే దాని అవసరం సగం తగ్గుతుంది. ఇక్కడే మాజీ సామ్రాజ్యాల సంగతి మిగతా దేశాలకన్నా వేరు. సామ్రాజ్యం పోయినా దాని రన్‌వేలు కొన్ని మిగిలాయి. సైప్రస్‌లో ఆక్రోటిరి, స్పెయిన్ కొసన జిబ్రాల్టర్, అట్లాంటిక్ మధ్యలో అసెన్షన్, ఫాక్‌లాండ్స్‌లో మౌంట్ ప్లెజెంట్, హిందూ మహాసముద్రంలో అమెరికాతో కలిసి వాడుకునే డియెగో గార్సియా. ఈ జాబితా చేతిలో ఉన్న దేశానికి క్యారియర్ అవసరం ఇతరులకన్నా తక్కువే ఉండాలి. సామ్రాజ్యం ఉండేది గనుక నౌకలు కావాలనే వాదన ఇక్కడ తలకిందులవుతుంది.

1966లో రక్షణ మంత్రి డెనిస్ హీలీ సరిగ్గా ఈ లెక్కతోనే సీవీఏ-01 అనే కొత్త క్యారియర్‌ను రద్దు చేశారు. దీవుల మీది స్థావరాల నుంచి ఎఫ్-111 విమానాలు ఆ పని చేస్తాయన్నారు. రెండేళ్లకే ఎఫ్-111 కొనుగోలు కూడా రద్దయింది. నౌకా లేదు, దానికి బదులు చెప్పిన విమానమూ లేదు. క్యారియర్ మానేసి మిగిలిన డబ్బు క్యారియర్‌కు బదులైన దాని మీదకే వెళ్తుందని ఎవరైనా హామీ ఇస్తే, ఈ 1966–68 చరిత్రను ఒకసారి గుర్తు చేయాలి.

1982 ఏప్రిల్ 2న అర్జెంటీనా ఫాక్‌లాండ్స్‌ను ఆక్రమించింది. 5న హెర్మెస్ క్యారియర్ పోర్ట్స్‌మత్ నుంచి బయల్దేరింది. దగ్గరలో ఉన్న బ్రిటిష్ రన్‌వే అసెన్షన్, దూరం దాదాపు 6,300 కి.మీ. అక్కడి నుంచి ఒక్క వల్కన్ బాంబర్‌ను స్టాన్లీ రన్‌వే దాకా పంపి వెనక్కి తేవడానికి 11 విక్టర్ ట్యాంకర్ విమానాలు కావాల్సి వచ్చాయి. అవి దారిలో వల్కన్‌కే కాదు, ఒకదానికొకటి కూడా ఇంధనం పోసుకున్నాయి. వల్కన్ 21 బాంబులు వేస్తే రన్‌వే మీద పడింది ఒకటి. యుద్ధంలో గగనతల భారమంతా హెర్మెస్, ఇన్విన్సిబుల్ క్యారియర్ల మీది 28 సీ హారియర్ యుద్ధ విమానాలే మోశాయి. శత్రు విమానాలతో జరిగిన పోరులో వాటిలో ఒక్కటీ కూలలేదు. అంతకు ముందు ఏడాది రక్షణ మంత్రి జాన్ నాట్ చేసిన సమీక్ష దరిమిలా ఇన్విన్సిబుల్‌ను ఆస్ట్రేలియాకు అమ్మేయాలని నిర్ణయమైంది. ఆక్రమణ కొన్ని నెలలు ఆలస్యమై ఉంటే కథ మరోలా ఉండేది.

అయితే ఈ ఉదాహరణను ఈనాటికీ క్యారియర్‌కు సాక్ష్యంగా చూపడం సరికాదు. 1985లో మౌంట్ ప్లెజెంట్ స్థావరం తెరిచారు. ఇప్పుడక్కడ నాలుగు టైఫూన్ విమానాలు ఉంటాయి, పెద్ద రవాణా విమానాలు దిగే రన్‌వే ఉంది. ఆ రన్‌వే చేతిలో ఉన్నంతకాలం ఫాక్‌లాండ్స్‌కు క్యారియర్ అక్కర్లేదు. ఆ రన్‌వే పోతే మాత్రం క్యారియర్ తప్ప మరో దారి లేదు.

ఇంకో రెండు సందర్భాలు చూస్తే తూకం కుదురుతుంది. 2011 మార్చి 19న లిబియా మీద దాడికి బ్రిటన్ దగ్గర క్యారియర్ లేదు, అంతకు కొద్దినెలల ముందే హారియర్లను తీసేశారు. టోర్నడో విమానాలు ఇంగ్లండ్‌లోని మార్హమ్ నుంచి లేచి, గాలిలో ఇంధనం నింపుకుంటూ, రానూపోనూ దాదాపు 4,800 కి.మీ. ఎగిరి దాడి చేశాయి. తర్వాత ఇటలీలోని జోయా దెల్ కోల్లేకు మారాయి. పని జరిగింది, కానీ ఇటలీ ఒప్పుకుంది గనుక జరిగింది. 2024 జనవరిలో యెమెన్‌లోని హూతీల మీద నాలుగు టైఫూన్లు ఆక్రోటిరి నుంచి వెళ్లి, వాయేజర్ ట్యాంకర్ తోడుతో సుమారు 5,000 కి.మీ. ఎగిరి వచ్చాయి. అప్పటికి రెండు క్యారియర్లు చేతిలో ఉన్నా వాటిని పంపలేదు.

రన్‌వేకు ఉన్న లోపం ఒకటే: కింద నేల ఎవరిదన్న ప్రశ్న. చాగోస్ దీవులను మారిషస్‌కు అప్పగించి డియెగో గార్సియాను 99 ఏళ్ల లీజుకు ఉంచుకునే ఒప్పందం మీద 2025 మేలో సంతకాలయ్యాయి. లీజు మీద ఉన్న రన్‌వేకు రాజకీయంగా అద్దె కట్టాల్సిందే. నౌకకు ఆ బాధ లేదు.

నౌక పక్కన ఏమేమి ఉండాలి

ఎన్ని విమానాలు కావాలో వేళ్ల మీద లెక్కేయొచ్చు. నౌకను కాపాడటానికి గాలిలో ఎప్పుడూ రెండు విమానాలు ఉండాలనుకుందాం. ఒక్కో జత కాపలా చోట గంటన్నర నిలుస్తుందనుకుంటే రోజుకు 16 జతలు మారాలి, అంటే 32 సార్లు ఎగరాలి. ఒక్కో విమానం రోజుకు రెండుసార్లు ఎగిరితే 16 విమానాలు సిద్ధంగా ఉండాలి. మూడో వంతు మరమ్మతులో ఉంటాయని వేసుకుంటే నౌక మీద 24 ఉండాలి. ఇది కేవలం తనను తాను కాపాడుకోవడానికి. దాడికి వెళ్లేవి దీని పైన.

2021లో క్వీన్ ఎలిజబెత్ పసిఫిక్ దాకా వెళ్లినప్పుడు దాని మీద బ్రిటన్ సొంత ఎఫ్-35బీ యుద్ధ విమానాలు ఎనిమిది, అమెరికా మెరైన్లవి పది. 2025 యాత్రలో ప్రిన్స్ ఆఫ్ వేల్స్ మీద సొంత విమానాలు 24కు చేరాయి. నౌకను గీసింది 36 విమానాలను దృష్టిలో పెట్టుకుని. బ్రిటన్ మొదటి విడతలో కొన్నది 48. అందులో శిక్షణకు, మరమ్మతుకు పోగా రెండు నౌకలకూ ఒకేసారి సరిపడా విమానాలు లేవు, సమీపంలో రావు కూడా. ఏనుగును కొని అంకుశం దగ్గర పేచీ పెట్టడమంటే ఇదే.

తర్వాతది రాడార్. దీన్ని చాలామంది దాటవేస్తారు, కానీ నౌకల ప్రాణాలు పోయేది ఇక్కడే. భూమి గుండ్రంగా ఉంది కాబట్టి రాడార్ చూపు ఎత్తును బట్టి ఉంటుంది. ఎత్తు మీటర్లలో తీసుకుని, దాని వర్గమూలాన్ని 4.12తో గుణిస్తే చూపు దూరం కిలోమీటర్లలో వస్తుంది. 40 మీటర్ల స్తంభం మీది రాడార్‌కు సముద్ర మట్టం దగ్గర 26 కి.మీ. కనిపిస్తుంది. 3,000 మీటర్ల ఎత్తున హెలికాప్టర్‌కు 225 కి.మీ. 9,000 మీటర్ల ఎత్తున ఎగిరే హాకై లాంటి రాడార్ విమానానికి 390 కి.మీ. నీళ్లను ఒరుసుకుంటూ వచ్చే క్షిపణిని 26 కి.మీ. దగ్గర చూస్తే చేతిలో ఉండేది నిమిషంన్నర. 1982 మే 4న షెఫీల్డ్ డెస్ట్రాయర్‌కు ఎక్సోసెట్ క్షిపణి తగిలినప్పుడు బ్రిటన్ నౌకల పైన అలాంటి గగన రాడార్ ఏదీ లేదు. యుద్ధం తర్వాత హడావిడిగా సీ కింగ్ హెలికాప్టర్లకు రాడార్ బిగించారు.

ఇప్పుడు ఆ పని చేసేది మెర్లిన్ హెలికాప్టర్‌కు తగిలించే క్రోజ్‌నెస్ట్ రాడార్. ఏళ్లు ఆలస్యమై 2023లో సేవలోకి వచ్చింది, 2029లో తీసేయాలన్నది ప్రణాళిక. పైగా అదే మెర్లిన్లు జలాంతర్గాములను వెతకాలి. ఒక్కటి రాడార్ పనికి వెళ్తే వేటకు ఒక్కటి తగ్గుతుంది.

కాపలా నౌకల సంగతి. మంచి గ్రూపు అంటే రెండు గగనరక్షణ డెస్ట్రాయర్లు, రెండు ఫ్రిగేట్లు, ఒక జలాంతర్గామి, ఒక ఇంధన నౌక, ఒక సరుకు నౌక. బ్రిటన్ దగ్గర టైప్ 45 డెస్ట్రాయర్లు మొత్తం ఆరు. వెచ్చని సముద్రాల్లో వాటి ఇంజన్ల శీతలీకరణ చేతులెత్తేసి కరెంటు పోయే జబ్బు ఉండటంతో ఒక్కోదాన్నీ డాక్‌కు తెచ్చి డీజిల్ జనరేటర్లు మారుస్తున్నారు. టైప్ 23 ఫ్రిగేట్లు ముసలివైపోయాయి, వాటి స్థానంలో రావాల్సిన టైప్ 26, టైప్ 31 ఇంకా పూర్తికాలేదు. 2025 యాత్రకు సొంతంగా వెళ్లినవి డాంట్‌లెస్ అనే ఒక డెస్ట్రాయర్, రిచ్‌మండ్ అనే ఒక ఫ్రిగేట్, ఒక ఆస్ట్యూట్ జలాంతర్గామి. మిగతా వరుసను నార్వే, కెనడా వంటి మిత్రదేశాలు నింపాయి.

అన్నిటికన్నా వెనకపడింది సరుకు నౌక. ఇంధనం ట్యాంకర్ ఇస్తుంది. బాంబులు, విడిభాగాలు, తిండి నడిసముద్రంలో అందించడానికి బ్రిటన్‌కు మిగిలిన నౌక ఒకే ఒక్కటి, ఫోర్ట్ విక్టోరియా. సిబ్బంది చాలక అది ఒడ్డునే ఉండిపోయింది. మూడు కొత్తవాటికి 160 కోట్ల పౌండ్ల ఆర్డరు వేశారు గానీ అవి వచ్చేసరికి ఈ దశాబ్దం గడిచిపోతుంది. సరుకు నౌక లేని క్యారియర్ యుద్ధంలో కొద్దిరోజులు పోరాడి రేవు వెతుక్కోవాలి.

మొదటి దారి: ఇప్పుడున్నదే, స్కీ-జంప్‌తో రెండు పెద్ద నౌకలు

దీని గొప్ప సుగుణం మనుషులు తక్కువ పట్టడం. 65,000 టన్నుల నౌకను నడిపేది సుమారు 700 మంది. బాంబులను గోదాముల నుంచి యంత్రాలే పైకి తెస్తాయి, కాబట్టి ఆ పనికి పెద్ద బలగం అక్కర్లేదు. విమానాన్ని ముందుకు విసిరే క్యాటపల్ట్ యంత్రం లేదు, దిగేదాన్ని ఆపే తీగలు లేవు. ఎఫ్-35బీ కొద్దిదూరం పరిగెత్తి, పైకి వంగిన డెక్ కొస (స్కీ-జంప్) మీదుగా లేస్తుంది, నిలువుగా దిగుతుంది. పైలట్‌కు డెక్ మీద దిగడం నేర్పడం కూడా తేలికే.

లోపం కూడా అక్కడే పుడుతుంది. నిలువుగా దిగడానికి కావాల్సిన ఫ్యాన్ విమానం నడుములో ఇంధనం చోటు తినేస్తుంది. దాడి పరిధి 830 కి.మీ. చుట్టుపక్కల, క్యాటపల్ట్ నుంచి లేచే ఎఫ్-35సీ పరిధి 1,100 దాటుతుంది. వేడి గాలిలో ఇంజన్ బలం తగ్గుతుంది, అరేబియా సముద్రం మీద మే నెలలో వాడని బాంబులతో నిలువుగా దిగడం కష్టం. అందుకే ముందుకు కదులుతూ దిగే పద్ధతిని బ్రిటన్ సొంతంగా తయారు చేసుకుంది. మంట తగిలేచోట డెక్‌కు 1,500 డిగ్రీలకు ఓర్చే అల్యూమినియం-టైటానియం పూత పూశారు. మామూలు పూత అయితే పెచ్చులూడి ఇంజన్లోకి పోతుంది.

ఇక చెడిపోయే చోట్లు. 2022 ఆగస్టులో ప్రిన్స్ ఆఫ్ వేల్స్ అమెరికాకు బయల్దేరి ఐల్ ఆఫ్ వైట్ దాటకముందే కుడివైపు ప్రొపెల్లర్ షాఫ్ట్‌ను కలిపే కప్లింగ్ విరిగింది. స్కాట్లాండ్‌లోని రోసైత్ డాక్‌లో నెలలు గడిచాయి. 2024 ఫిబ్రవరిలో క్వీన్ ఎలిజబెత్ నాటో విన్యాసాలకు వెళ్లే ముందురోజు తనిఖీలో అలాంటి చోటే లోపం బయటపడింది. కొద్దిరోజుల్లో రెండో నౌక ఆ స్థానంలో వెళ్లింది. రెండు నౌకలు ఎందుకని అడిగేవారికి ఇంతకన్నా సూటి జవాబు లేదు. ఒక్కటే ఉంటే ఆ విన్యాసం రద్దయ్యేది. వీటిని పొడి డాక్‌కు ఎక్కించడానికి బ్రిటన్ ఆధారపడింది రోసైత్ మీదే. అక్కడికి చేరాలంటే ఫోర్త్ వంతెనల కింద దూరడానికి నౌక తన పొడవాటి స్తంభాన్ని మడుచుకుని, ఆటుపోట్లు చూసుకుని వెళ్లాలి.

విమానాల వైపు విడిభాగాలదే సమస్య. 2025 జూన్ 14న ప్రిన్స్ ఆఫ్ వేల్స్ నుంచి ఎగిరిన ఎఫ్-35బీ ఒకటి తిరువనంతపురంలో దిగి, హైడ్రాలిక్ లోపంతో అక్కడే ఆగిపోయింది. నౌక నుంచి వచ్చిన వారి వల్ల కాలేదు. జులై 6న రవాణా విమానంలో ప్రత్యేక బృందం వచ్చి, దాన్ని హ్యాంగర్‌లోకి లాగి, బాగుచేసి, 22న పంపింది. ఐదు వారాలు. మన సోషల్ మీడియాలో దాని మీద వచ్చిన మీమ్‌ల సంగతి పక్కన పెడితే, ఒక్క భాగం చెడితే నౌక తనంతట తాను ఎంత బాగుచేసుకోలేదో అందులో కనిపించింది.

రెండో దారి: ఫ్రాన్స్ పద్ధతి, అణుశక్తితో క్యాటపల్ట్ నౌక ఒకటి

షార్ల్ ద గాల్ 42,500 టన్నులే అయినా దాని మీది సెట్టు బ్రిటన్‌దానికన్నా పూర్తిగా ఉంటుంది. సొంత రఫేల్ విమానాలు, 9,000 మీటర్ల ఎత్తున చూసే హాకై, క్యాటపల్ట్. 2001లో చేరింది, లిబియాలో 2011 మార్చి నుంచి ఆగస్టు దాకా పనిచేసింది, మార్హమ్ నుంచి బ్రిటన్ ఎగిరిన దూరాలు దానికి అక్కర్లేకపోయాయి.

కానీ ఒక్కటే ఉంది. 2017 మొదట్లో అణు ఇంధనం మార్చడానికి, నడివయసు మరమ్మతులకు డాక్‌లోకి వెళ్తే ఏడాదిన్నర బయటికి రాలేదు, ఖర్చు 130 కోట్ల యూరోలు. క్యాటపల్ట్ నౌకలో దిగే పైలట్లు అభ్యాసం తప్పితే చేయి పోతుంది. అందుకే 2018లో ఫ్రాన్స్ తన రఫేల్ పైలట్లను అమెరికా క్యారియర్ మీదికి పంపి సాధన చేయించింది. దాని స్థానంలో 2038 నాటికి రావాల్సిన కొత్త నౌక 310 మీటర్ల పొడవు, 75,000 టన్నులకు పైమాట, ఖర్చు 1,000 కోట్ల యూరోల స్థాయి. విద్యుదయస్కాంత క్యాటపల్ట్ అమెరికా నుంచే తెచ్చుకోవాలి. అణు నౌక అయినంత మాత్రాన స్వతంత్రం కాదు. రియాక్టర్‌కు ఇంధనం అక్కర్లేకపోయినా విమానాలకు కిరోసిన్, బాంబులు సరుకు నౌకే తేవాలి.

బ్రిటన్ ఇప్పుడు ఈ దారికి మారగలదా? ప్రయత్నించింది. 2010లో డేవిడ్ కామెరూన్ ప్రభుత్వం క్యాటపల్ట్ వైపు తిరిగింది. ఒక్క నౌక మార్పు అంచనా 95 కోట్ల నుంచి 200 కోట్ల పౌండ్లకు పోవడంతో 2012 మేలో వెనక్కి తిరిగింది. అటూ ఇటూ తిరగడానికే 7.4 కోట్లు పోయాయి. కట్టేటప్పుడు చేయని మార్పు కట్టాక చేస్తే చవకవదు. ఈ దారి బ్రిటన్‌కు మూసుకుపోయినట్టే లెక్క.

మూడో దారి: సైనికులనూ విమానాలనూ మోసే చిన్న నౌక

ఇటలీ, స్పెయిన్ ఎంచుకున్నది. ఇటలీ దగ్గర 27,000 టన్నుల కవూర్, 2024 డిసెంబరులో చేరిన 38,000 టన్నుల త్రియెస్తె ఉన్నాయి, ఎఫ్-35బీలు కూడా కొంటోంది. డబ్బుకు తగిన పనితనం ఇక్కడ ఉంది. ఒకే నౌక శాంతికాలంలో ఆసుపత్రి, రవాణా, విపత్తు సాయం అన్నీ చేస్తుంది. కాకపోతే పది, పన్నెండు విమానాలతో పై లెక్క ప్రకారం కాపలా సగం రోజుకు మించి నిలవదు.

స్పెయిన్‌ది హెచ్చరిక. 2010లో హువాన్ కార్లోస్ అనే నౌకను నౌకాదళంలో చేర్చుకుంది, దాని మీద హారియర్లు ఉన్నాయి. 2025 ఆగస్టులో ఎఫ్-35 కొనబోమని తేల్చి చెప్పింది. నిలువుగా దిగే యుద్ధ విమానం ఇవాళ మార్కెట్లో మరొకటి లేదు. హారియర్లు ముసలివై తప్పుకోగానే ఆ నౌక హెలికాప్టర్ నౌకగా మిగులుతుంది. స్కీ-జంప్ కొన్న ప్రతి దేశం ఒకే కంపెనీ, ఒకే విమానానికి కట్టుబడి ఉన్నట్టే. బ్రిటన్ కూడా.

నాలుగో దారి: డ్రోన్ నౌక

మాజీ సామ్రాజ్యాలే ఇక్కడ ముందున్నాయి. టర్కీ అనాదొలు నౌకను ఎఫ్-35బీ కోసమే కట్టుకుంది. రష్యా క్షిపణులు కొన్నందుకు 2019లో అమెరికా ఆ కార్యక్రమం నుంచి వెళ్లగొట్టింది. అప్పుడు సొంత బైరక్తార్ టీబీ3 డ్రోన్‌ను తయారు చేసి, 2024 నవంబరులో క్యాటపల్ట్ లేకుండానే నౌక మీద నుంచి ఎగరేసి దింపింది. దాని మొత్తం బరువు 1,450 కిలోలు, మోసే ఆయుధం 280. ఎఫ్-35బీ మోసేది దాదాపు 6,800 కిలోలు. నిఘాకు, చిన్న పడవల మీదికి, గగనరక్షణ లేని శత్రువు మీదికి సరే. రష్యా నౌకాదళం ముందు నిలబడదు.

పోర్చుగల్ ఇంకా చిన్నదానికి వెళ్లింది. రుమేనియాలో కట్టించుకుంటున్న 107 మీటర్ల నౌకకు 13.2 కోట్ల యూరోలు, అందులో పెద్ద వాటా ఐరోపా నిధులు. డ్రోన్లు, సముద్ర పరిశోధన, సహాయ కార్యక్రమాలు దాని పని. తూర్పు దేశాలకు సముద్ర మార్గం వెతకడానికి ఓడలు పంపిన రాజు రెండో జుఆవు పేరే దానికి పెట్టారు. పేరు సామ్రాజ్యానిది, బడ్జెట్ మాత్రం ఈనాటిది. పరిమాణానికి తగిన తెలివైన కొనుగోలు అదే.

బ్రిటన్‌కు ఇది విడి దారి కాదు, మొదటి దారికి చేర్పు. 2023 నవంబరులో ప్రిన్స్ ఆఫ్ వేల్స్ మీద నుంచి మొజావె డ్రోన్ లేచి దిగింది. 2025 రక్షణ సమీక్ష కూడా మనుషులు నడిపేవి, డ్రోన్లు, దూర క్షిపణులు కలిసిన బలగం కావాలంది. క్రోజ్‌నెస్ట్ పోయాక రాడార్ మోయాల్సింది కూడా ఇలాంటి డ్రోనే.

ఐదో దారి: క్యారియర్ లేకుండా

రన్‌వేలు, ట్యాంకర్లు, జలాంతర్గాములు. 1982లో బ్రిటన్ జలాంతర్గామి కాంకరర్ మే 2న అర్జెంటీనా యుద్ధనౌక బెల్‌గ్రానోను ముంచాక, అర్జెంటీనా క్యారియర్ రేవుకు తిరిగివెళ్లి మళ్లీ బయటికి రాలేదు. ఆ క్యారియర్ కూడా ఒకప్పుడు బ్రిటన్‌దే, నెదర్లాండ్స్ వాడి అమ్మింది. ఒక జలాంతర్గామి ఒక క్యారియర్‌ను ఒడ్డున కట్టేయగలదన్నది ఈ వాదనకు బలమైన ఆధారం. టోమహాక్ క్షిపణి 1,600 కి.మీ. వెళ్తుంది, ఏ ఎఫ్-35బీ కన్నా దూరం.

అయితే జలాంతర్గామి ఆకాశాన్ని కాపాడలేదు, పైకి కనబడి హెచ్చరించలేదు, మోసేది కొన్ని పదుల క్షిపణులే. ట్యాంకర్ల దగ్గర మరో చిక్కు. బ్రిటన్ 2025 జూన్‌లో 12 ఎఫ్-35ఏలు కొంటామంది. ఆ రకం విమానం ట్యాంకర్ నుంచి దిగే గట్టి గొట్టం ద్వారా ఇంధనం తీసుకుంటుంది, బ్రిటన్ వాయేజర్ ట్యాంకర్లలో ఉన్నది వేలాడే మెత్తని పైపు, దాని చివర బుట్ట పద్ధతి మాత్రమే. సొంత ట్యాంకర్ సొంత విమానానికి పోయలేదు. క్యారియర్ తీసేసి రన్‌వేల మీద ఆధారపడదామనేవారు మొదట ఈ లెక్క సరిచేయాలి.

అయితే ఏది

బ్రిటన్ వరకు సలహా ఇది. రెండు నౌకలనూ ఉంచుకోవాలి, మూడోది ఊసెత్తకూడదు, ఒకదాన్ని అమ్మడమూ తప్పే. రెండు ఉంటేనే ఒకటి పనిలో ఉంటుంది. కానీ వాటిని పసిఫిక్‌లో జెండా చూపడానికి కాకుండా ఐస్‌లాండ్, నార్వే మధ్య ఉత్తర అట్లాంటిక్‌కు కేటాయించాలి. అక్కడ నాటో రన్‌వేలు వెనక ఉంటాయి, మిత్రుల కాపలా నౌకలు దొరుకుతాయి, రష్యా జలాంతర్గాములను వెతకడానికి హెలికాప్టర్లకు డెక్ కావాలి, చలిగాలిలో ఎఫ్-35బీ ఇంజన్ బాగా లాగుతుంది. ఒంటరిగా ఎక్కడో దూరాన యుద్ధం చేయడానికి కావాల్సిన సెట్టు బ్రిటన్ దగ్గర లేదు, దాన్ని కొనే డబ్బూ కనబడటం లేదు.

డబ్బు పెట్టే వరుస: మొదట సరుకు నౌకలకు సిబ్బంది, తర్వాత విమానాల విడిభాగాలు, ఆపైన టైప్ 45ల ఇంజన్ పనులు, ఆ తర్వాతే కొత్త ఎఫ్-35లు. ఈ వరుస తిప్పితే డెక్ నిండా విమానాలు ఉండి ఎగరలేని పరిస్థితి వస్తుంది. యెమెన్ లాంటి దాడులకు ఆక్రోటిరి చాలు.

ఫ్రాన్స్‌ది వేరు లెక్క. రీయూనియన్ నుంచి పాలినీసియా దాకా భూభాగాలున్నాయి, విమానం సొంతం, అమెరికాను అడగకుండా వెళ్లగలగడమే దాని విధానం. ఒక్క నౌకతో గడపడం మాత్రం జూదమే. స్పెయిన్ డ్రోన్ల వైపు మళ్లడమే మేలు. నెదర్లాండ్స్ ఈ ఆటనుంచి 1968లోనే తప్పుకుంది, నష్టపోయిన దాఖలా లేదు.

పాత నౌక కొనే దేశాలకూ ఒక మాట. ఫాక్‌లాండ్స్‌కు వెళ్లిన ఆ హెర్మెస్సే 1987లో విరాట్‌గా మన నౌకాదళంలో చేరి 2017 దాకా నడిచింది. తర్వాత దాన్ని విశాఖలో మ్యూజియంగా ఉంచాలని ఆంధ్రప్రదేశ్ ఆలోచించింది. నిర్వహణ ఖర్చు చూసి అది ముందుకు సాగలేదు, చివరకు అలంగ్‌లో తుక్కయింది. అంతకు ముందటి విక్రాంత్ కూడా బ్రిటన్ సగంలో ఆపేసిన హెర్క్యులిస్సే. 1971లో బాయిలర్ పగుళ్ల వల్ల పూర్తి వేగం అందుకోలేకపోయినా బంగాళాఖాతం నుంచి చిట్టగాంగ్, కాక్స్ బజార్ మీదికి సీ హాక్ విమానాలను నడిపింది. దాన్ని వేటాడటానికి వచ్చిన పాకిస్థాన్ జలాంతర్గామి ఘాజీ విశాఖ తీరంలోనే మునిగింది. ఎదుటి పక్షానికి గగనబలం లేని సముద్రంలో సగం వేగపు క్యారియర్ కూడా పనిచేస్తుంది, ఎక్సోసెట్లున్న సముద్రంలో చేయదు.

ఈ సలహా ఎప్పుడు మార్చుకోవాలి? మూడు సందర్భాల్లో. మౌంట్ ప్లెజెంట్ లేదా ఆక్రోటిరి చేజారితే క్యారియర్ విలువ ఒక్కసారిగా పెరుగుతుంది. కొత్త సరుకు నౌకలు రద్దయితే రెండో క్యారియర్‌ను మూలన పెట్టడమే నిజాయితీ. 2029లో క్రోజ్‌నెస్ట్ తీసేసే నాటికి దాని స్థానంలో గగన రాడార్ ఏదీ సిద్ధం కాకపోతే, ఆ రెండు నౌకలనూ తీరానున్న నాటో రాడార్ విమానాల చూపు దాటి పంపకూడదు.